స్వల్పవ్యయముతో ఒకనాటి యాత్ర

విహారయాత్ర యనగానే మన పిల్లల మనస్సులకు మైసూరు, హంపి, ఊటీ వంటి దూరపు పేర్లు తోచును. ప్రత్యేకముగా బస్సు కుదుర్చుట, రెండు రాత్రులు బస, మూడు పూటల హోటలు భోజనము, వీనికై తలకు ఇంతయని వసూలు. ఇదియే యాత్ర యని పలువురు భావించుచున్నారు. మొదట ఉత్సాహముతో పేరిచ్చి, సొమ్ము చెల్లింపవలసిన నాటికి "జ్వరము వచ్చినది" అని ఇంట నుండిపోవు బాలబాలికలను మేము ఏటేట చూచుచునే యున్నాము. ఆ జ్వరమెట్టిదో ఉపాధ్యాయులకును తెలియును, తోటి పిల్లలకును తెలియును, తల్లిదండ్రులకు మరింత బాగుగా తెలియును.

అట్టి కుటుంబములు ఒక సెలవుదినమున తమంత తాముగా, నెలఖర్చునకు లోటు రాకుండ, ఉదయము బయలుదేరి రాత్రి భోజనమునకు ఇల్లు చేరునట్లు చూచి రాదగిన ఊళ్లు మన బెంగుళూరు చుట్టును అనేకములు గలవు. వానిలో ఉత్తరదిశగా నున్న నాలుగింటిని గూర్చి యిచ్చట వ్రాయుచున్నాము: నంది గ్రామము, ముద్దేనహళ్ళి, చిక్కబళ్లాపురము, దేవనహళ్ళి. దక్షిణముననో పడమటనో చూడదగిన ఊళ్లు లేవని కాదు. ఈ దారినే యెన్నుకొనుటకు మాకు మరియొక కారణము గలదు. అది చిక్కబళ్లాపురపు సంతవీధికి చేరునప్పటికి పాఠకులకు తెలియగలదు.

ముందుగా ప్రయాణసాధనముల మాట. బెంగుళూరునుండి చిక్కబళ్లాపురము సుమారు 60 కిలోమీటర్ల దూరము. యలహంక, దేవనహళ్ళి మీదుగా అచటికి రైలుబాట యున్నది. ఒకప్పుడిది చిన్నబండ్లు నడచు నారోగేజి బాట. తరువాత బ్రాడ్‌గేజిగా మార్చిరి. సాధారణ ప్యాసింజరు రైలులో మనిషికి టికెట్టు ఇరువది రూపాయల లోపే. ఐదేండ్ల లోపు పిల్లలకు టికెట్టు అక్కరలేదు. ఐదు నిండి పండ్రెండేండ్లు నిండని వారికి సగము ఖరీదు. అయితే ఈ బాటలో రైళ్లు దినమునకు కొలదిగానే నడచును, కొన్ని ఆదివారము నడువవు. కావున ముందునాడే స్టేషనులో వేళలు విచారించుకొనవలెను. రైలు తప్పినవారికి బస్సు లెప్పుడును గలవు. మెజెస్టిక్కునుండియు, హెబ్బాళమునుండియు చిక్కబళ్లాపురపు బస్సులు ఎడతెగక పోవుచుండును.

బస్సు చార్జీ రైలు టికెట్టునకు కొన్ని రెట్లుండును గాని, తల్లులకును ఆడపిల్లలకును అది లేదు. 2023 జూన్ నెలనుండి అమలులోనున్న "శక్తి" పథకము ననుసరించి, కర్ణాటక రాష్ట్రమున నివసించు స్త్రీలు ప్రభుత్వపు సాధారణ బస్సులలో చార్జీ లేకుండ ప్రయాణము చేయవచ్చును. ఈ రాష్ట్రపు చిరునామాగల గుర్తింపుకార్డు చూపి, కండక్టరు నడిగి సున్నా టికెట్టు తీసికొనవలెను. "ఊరక వచ్చినదే గదా, టికెట్టెందులకు?" అని కూర్చుండరాదు, తనిఖీవారు వచ్చినప్పుడు చిక్కు కలుగును. ఈ పథకము వచ్చినప్పటినుండి, పుట్టి బుద్ధెరిగిన పిదప పుట్టినిల్లు, మెట్టినిల్లు తప్ప మూడవ ఊరు చూడని తల్లులు కొందరు ఇప్పుడు పిల్లలను వెంటబెట్టుకొని బయలుదేరుచున్నారు. ఇది మాకు సంతోషము కలిగించు విషయము.

ఇంటినుండి తేవలసినవి: చింతపండు పులిహోర గాని, చపాతీలు గాని, ఏవైనను ఎండకు చెడనివి, మనిషికొక నీళ్లసీసా, పిల్లలకు తలగుడ్డ లేదా టోపీ, ఒక నోటుపుస్తకము, పెన్సిలు. నోటుపుస్తకమెందులకో తరువాత చెప్పెదము.

రైలు యలహంక దాటిన పిదప కొంతదూరము వరకు మేడలు, గోడౌనులు, ఇండ్లస్థలముల ప్రకటన బోర్డులు తప్ప వేరొకటి కానరాదు. 2008లో దేవనహళ్ళి సమీపమున విమానాశ్రయము తెరువబడినది. అప్పటినుండి ఈ ప్రాంతపు రాగిచేలు, ద్రాక్షతోటలు చదరపుటడుగుల లెక్కకు దిగినవి. దేవనహళ్ళి దాటిన తరువాత అవతిహళ్ళి యను చిన్న స్టేషను వచ్చును. పిల్లలకు కిటికీనుండి ఈ పేరుబోర్డు చూపవలెను. ఇక్కడి అవతి గ్రామమునుండి పాలించిన "అవతినాటి ప్రభువు"ల కుటుంబమువారే దేవనహళ్ళి, చిక్కబళ్లాపురము మొదలగు చోట్ల కోటలు కట్టి, విజయనగర రాజులకు లోబడి పాలెగాండ్రుగా నుండిరి. మనము నేడు చూడబోవు ఊళ్లకు మూలము ఇప్పుడొక చిన్న పల్లె.

నంది హాల్టు స్టేషనులో దిగవలెను. పాతకాలపు చిన్న స్టేషను భవనము, చుట్టును చెట్లు, ఎదుట నందికొండ. ఇక్కడినుండి నంది గ్రామమునందలి భోగనందీశ్వరాలయము అరగంట నడక. చాలమంది పట్టణవాసులు తెల్లవారకమునుపే కార్లలోను, మోటారుసైకిళ్లపైనను వచ్చి, సూర్యోదయము చూచుటకు తిన్నగా కొండపైకి పోయి, ఫొటోలు తీసికొని తిరిగిపోవుదురు. కొండ పాదమున వేయిసంవత్సరములకు పైబడిన ఆలయమున్నదని వారిలో ఎందరెరుగుదురో! కొండ యెత్తు సముద్రమట్టమునకు 1,478 మీటర్లు. కాలినడకను మెట్లదారి నెక్కవచ్చును గాని, అది వేరొకనాటి పని. ఈ దినమున కొండను క్రిందినుండి చూచిన చాలును.

భోగనందీశ్వరాలయమున ప్రవేశరుసుము లేదు. ఇది కేంద్రప్రభుత్వ పురావస్తుశాఖ సంరక్షణలో నున్నది. దీనిని గూర్చిన అతి ప్రాచీనమైన శాసనములలో ఒకటి క్రీ.శ. 806 నాటిది, రాష్ట్రకూట చక్రవర్తి మూడవ గోవిందుని కాలమునకు సంబంధించినది. బాణరాజైన విద్యాధరుని భార్య రత్నావళి ఈ శివాలయమును కట్టించినట్లు శాసనములవలన తెలియుచున్నది. రాజుల పేర్లు కంఠస్థము చేయు మన విద్యార్థినులు ఈ రాణి పేరును గూడ గుర్తుంచుకొనవలెనని మా కోరిక. ఆమె తరువాత నోలంబులు, గంగులు, చోళులు, హొయసలులు, విజయనగర రాజులు ఒక్కొక్కరు ఒక్కొక్క భాగమును చేర్చుచు, మరమ్మతు చేయుచు వచ్చిరి. కావున ఈ ఆలయమొక కాలమునకు, ఒక వంశమునకు చెందినది కాదు. ఒక గోడనుండి మరియొక గోడకు పోవునప్పుడు నాలుగు వందల యేండ్లు దాటిపోవుదుము.

లోపల రెండు పెద్ద గుడులు ప్రక్కప్రక్కన గలవు: దక్షిణమున అరుణాచలేశ్వరుడు, ఉత్తరమున భోగనందీశ్వరుడు. రెంటి నడుమ ఉమామహేశ్వరుల చిన్న గుడి, దాని ముందు నల్లరాతి కల్యాణమండపము. ఆ మండపపు స్తంభములపై చెక్కిన లతలను, పక్షులను, దేవతామూర్తులను చూచుటకే ఒక అరగంట కేటాయింపవలెను. అరుణాచలేశ్వరుడు శివుని బాల్యమునకు, భోగనందీశ్వరుడు యౌవనమునకు, కొండపైనున్న యోగనందీశ్వరుడు వైరాగ్యమునకు ప్రతీకలని చెప్పుదురు. అందుచేతనే క్రింద ఉత్సవములు వైభవముగా జరుగునట, కొండపైన జరుగవట.

ఆలయపు మరియొక ఆవరణలో శృంగితీర్థమను కోనేరు గలదు. నాలుగువైపుల మెట్లు, చుట్టును మంటపములు. నంది తన కొమ్ముతో నేలను పొడిచి గంగను రప్పించెనని స్థలపురాణము, శృంగమనగా కొమ్ము. ఈ కోనేరే దక్షిణపినాకినికి పుట్టుచోటని భక్తుల నమ్మకము. నమ్మకము సంగతి యెట్లున్నను, భూగోళశాస్త్రము గూడ ఈ కొండల విషయమున ఒక అద్భుతమునే చెప్పుచున్నది. పిల్లలను ఆ మెట్లపై కూర్చుండబెట్టి, నోటుపుస్తకము తెరపించి, దానిని వివరింపుడని తల్లిదండ్రులకు మా మనవి.

నందికొండల వరుస గొప్ప జలవిభాజకము. ఇక్కడ పడిన వానచినుకు ఏ వాలున పడినదన్న దానిని బట్టి ఏ రాష్ట్రమునకు పోవునో నిర్ణయమగును. ఉత్తరమున జారిన నీరు ఉత్తరపినాకిని, అనగా పెన్ననది యగును. అది గౌరీబిదనూరు, హిందూపురముల మీదుగా సాగి, అనంతపురము, కడప సీమలను దాటి, గండికోట వద్ద కొండను చీల్చుకొని, నెల్లూరు దాటి సముద్రమున కలియును. దాని పొడవు సుమారు 597 కిలోమీటర్లు. చిక్కబళ్లాపుర ప్రాంతముననే పుట్టిన చిత్రావతి బాగేపల్లి, పుట్టపర్తుల మీదుగా పోయి పెన్నలో కలియును. దక్షిణపు వాలున జారినది దక్షిణపినాకిని. హోసకోట, హోసూరుల ప్రక్కగా తమిళనాడున ప్రవేశించి, పెన్నైయారను పేరుతో కడలూరు చేరువ సముద్రమును చేరును. పడమటగా పోవు అర్కావతి కావేరిలో కలియును. తూర్పుననున్న చింతామణి ప్రాంతమున పుట్టిన పాలారు చిత్తూరుసీమ నొరసికొనుచు తమిళనాడునకు పోవును. మూడు రాష్ట్రముల నదులకు ఈ చిన్న సీమ పుట్టినిల్లు. నెల్లూరి వరిమడికిని, ఈ నంది మెట్లకును సంబంధము గలదని తెలిసిన పిల్లవాడు పటమును చూచు చూపే మారును.

అయితే, పుట్టినింట నీరున్నదా? లేదనియే చెప్పవలెను. వానకాలమున కొన్ని దినములు తప్ప ఈ నదుల మొదటి భాగములు ఇసుకయే. ఈ జిల్లా చెరువులపైన, బోరుబావులపైన బ్రతుకుచున్నది; బోర్లు వేయి అడుగులకు మించి దిగిన చోట్లు అనేకములు. నదులనిచ్చిన నేల తన దాహమునకు పట్టణపు మురుగునీటి నాశ్రయించినది! బెంగుళూరు వాడి విడిచిన నీటిని శుద్ధిచేసి, గొట్టముల ద్వారా 2018 నుండి కోలారు చెరువులకును, తరువాత చిక్కబళ్లాపుర ప్రాంతపు చెరువులకును పంపుచున్నారు. దీనివలన ఎండిన చెరువులు నిండినవి, బావులలో నీరూరినది. అయితే రెండుదశల శుద్ధి చాలదు, మూడవ దశయు జరుపవలెనని అచటివారిలో పలువురు కోరుచున్నారు. మన ఇండ్లలో పాత్రలు కడిగిన నీరు ఎచటికి పోవునని పిల్లలడిగినచో, "నందికొండ దిక్కునకు" అని చెప్పుట హాస్యము కాదు.

నందినుండి ముద్దేనహళ్ళికి పల్లెబస్సు దొరికిన సరి. లేనిచో మరియొక కుటుంబముతో కలిసి ఆటో మాట్లాడుకొనవలెను. ఇది చిక్కబళ్లాపురమునకు 7 కిలోమీటర్ల దూరమునగల చిన్న గ్రామము. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు 1861 సెప్టెంబరు 15వ తేదీన జన్మించిన ఊరిది. ఆయన ఇంటిపేరులోని మోక్షగుండము ఆంధ్రప్రదేశములో గిద్దలూరు సీమయందలి గ్రామము. పూర్వులు అచటినుండి వలసవచ్చిన తెలుగువారు. ఆయన నివాసగృహమును స్మారకముగా నిలిపియున్నారు. సమాధియు ఇచ్చటనే కలదు. తెరచియుండు వేళలను ముందుగా తెలిసికొని పోవుట మంచిది.

విశ్వేశ్వరయ్యగారి ఘనతలను పాఠ్యపుస్తకములలో చదివియేయున్నారు. కృష్ణరాజసాగరము, 1912 మొదలు 1918 వరకు మైసూరు దివానుపదవి, 1955లో భారతరత్న. 1908లో మూసీ వరద హైదరాబాదును ముంచినప్పుడు, మరల అట్టి ఉపద్రవము రాకుండ జలాశయములు కట్టవలెనని ఉపాయము చెప్పినది ఆయనయే. ఉస్మాన్‌సాగరము, హిమాయత్‌సాగరము అందువలన ఏర్పడినవి. కాని మన పాఠశాల పిల్లలు ఆ యింటి ముంగిట నిలిచి తలచుకొనవలసినది వేరొకటి గలదు. ఆయన చిన్నతనముననే తండ్రిని పోగొట్టుకొనెను. చిక్కబళ్లాపురమున ప్రారంభమైన చదువును బెంగుళూరున కొనసాగించునప్పుడు, ఇతరుల పిల్లలకు పాఠములు చెప్పి ఆ సంపాదనతో తాను చదివెను. 1881లో పట్టపరీక్షలో ఉత్తీర్ణుడై, పిమ్మట పూనాలో ఇంజనీరింగు చదివెను. ఫీజుకు సొమ్ము లేకపోవుట ఎట్టిదో ఈ గృహమువారికి తెలియును.

మరియొక సంగతి. తెలుగు కుటుంబమున పుట్టిన ఈ మహనీయుడు దివానుగా నున్న కాలముననే, ఆయన ప్రోత్సాహముతో, 1915లో కన్నడ సాహిత్య పరిషత్తు వెలసినది. మరుసటి యేడు మైసూరు విశ్వవిద్యాలయము స్థాపితమైనది. ఇంట ఒక భాష, నాటికి ఒక భాష. రెంటికిని పోటీ పెట్టవలసిన అవసరము ఆయనకు కలుగలేదు.

మధ్యాహ్నమునకు చిక్కబళ్లాపురము చేరుదుము. 2007లో కోలారునుండి వేరుచేయగా ఏర్పడిన జిల్లాకు ఇది ముఖ్యపట్టణము. ఇక్కడ చూడదగినది కోటయు కాదు, గుడియు కాదు, సంత. పూలు, కూరగాయలు, కొత్తిమీర, ద్రాక్ష. "బెంగుళూరు బ్లూ" యను నల్లద్రాక్ష ఈ ప్రాంతపు పంటయే. పేరు మాత్రము బెంగుళూరుది. చలికాలమున పోయినచో అనపకాయల రాశులు వీధి పొడుగునను కనబడును. గింజలను నానబెట్టి, పైతోలు పితికి తీసి వండిన పితికిపప్పును, రాగిసంగటితో తిననివారు ఈ సీమకు వచ్చినట్లే కాదు. తెచ్చుకొన్న అన్నముతో పాటు ఏదైన చిన్న హోటలులో ఒక ముద్ద సంగటి, గిన్నెడు పులుసు తెప్పించుకొని నలుగురు రుచిచూచినను పెద్ద ఖర్చు కాదు.

ఇచట చెవులు తెరచుకొని నడువవలెను. అంగళ్ల బోర్డులు కన్నడమున నుండును. బేరములు మాత్రము సగము తెలుగుననే నడచును. కిందటి సారి మేము పోయినప్పుడు పూలమ్ము ఒక ముసలమ్మతో జరిగిన సంభాషణను ఆమె మాటలలోనే వ్రాయుచున్నాము.

"అవ్వా, కనకాంబరాలు మూర యెంత?"

"ఇరవై ఇయ్యి నాయనా. ఆదివారం గదా, అందుకే పిరము."

"నీదే ఊరవ్వా?"

"ఈ ఊరే. మా తాతల కాలం నుంచీ ఈడే."

"మరి తెలుగు మాట్లాడుచున్నావే?"

ఆమె మమ్ములను వింతగా చూచినది. "ఇంట్లో తెలుగు, అంగట్లో కన్నడం. రెండూ మావే గదప్పా! ఇదేం అడుగుతా ఉండావు?"

ఆ ప్రశ్న వింతదే. కాని దానిని మేము అడుగుటకు కారణమున్నది. బెంగుళూరున మన పిల్లలలో కొందరు బస్సెక్కగనే తెలుగున మాట్లాడుటకు గొంతు తగ్గింతురు. ఎవరైన వినుచున్నారేమో యని ఇటునటు చూతురు. తెలుగు ఎక్కడనో దూరపు రాష్ట్రమునుండి తెచ్చుకొన్న సామానువంటిదని, తాము అద్దెయింటివారివలె నున్నామని వారి అభిప్రాయము. ఎన్ని పాఠములు చెప్పినను ఆ అభిప్రాయము తొలగుట కష్టము. చిక్కబళ్లాపురపు సంతలో ఒక గంట తిరిగినచో, తెలుగును గొంతెత్తి మాట్లాడు రైతులు, పూలవారు, ఆటోవారు, పట్టుగూళ్లు అమ్మవచ్చిన శిడ్లఘట్టవారు కనబడుదురు. వీరు వలసవచ్చి నిన్న దిగినవారు కారు. 1956లో భాషలనుబట్టి రాష్ట్రములు ఏర్పడినవి. అంతకు కొన్ని వందల యేండ్లముందే విజయనగరపు కాలమున ఈ నేలపై రెండు భాషలును సేద్యము చేయుచుండెను. బాగేపల్లి, చింతామణి ప్రాంతములలో నేటికిని ఇదే పరిస్థితి.

మేము ఉపాధ్యాయశిక్షణ పొందినది ఆంధ్రప్రదేశములో. అచటి సహాధ్యాయులు కొందరు మా పలుకు విని "మీది కన్నడపు యాసగదా" అని నవ్వెడివారు. ఈ ఊళ్లలోనేమో "మీది పుస్తకపు తెలుగు స్వామీ" అని నవ్వుదురు. ఈ సీమ పెద్దలు "పిరము", "సంగటి", "ఈడ", "ఆడ" అను మాటలను పిల్లలు తప్పులని దిద్దబోవుట మేము చూచితిమి. అవి తప్పులు కావు. రాయలసీమ పల్లెలన్నిట నిండియున్న మాటలే. పరీక్షపత్రమున ఎట్లు వ్రాయవలెనో మేము నేర్పెదము. అవ్వతో మాట్లాడునప్పుడు అవ్వ మాటయే సరియైనది.

ఇక నోటుపుస్తకము సంగతి. పిల్లలు స్టేషనులందును, అంగళ్లయందును గల కన్నడ బోర్డులను చూచి పదిపేర్లను వ్రాసికొని, వాని ప్రక్కన అవే పేర్లను తెలుగు లిపిలో వ్రాయవలెను. గ, జ, డ, బ, న, ర, ల వంటివి ఇంచుమించు ఒక్కటే. తెలుగున తలకట్టు చిన్న కొనవలె పైకి లేచును. కన్నడమున అది అడ్డముగా సాగి చివర మెలికపడును. క, త, శ, హ వంటి కొన్ని అక్షరములయందే ముఖ్యమైన భేదము. కన్నడము చదువరాని తల్లిదండ్రులకు ఈ పదిపేర్లను పిల్లలే నేర్పవచ్చును. ఇట్టి పాఠమున గురుశిష్యుల స్థానములు మారుట ఇంటిలో మంచి వినోదము. ప్రాచీనశాసనములలో రెండు భాషలకును లిపి ఒకటియే. పండితులు దానిని తెలుగు-కన్నడ లిపి యందురు. విజయనగర కాలము నాటికి భేదములు స్పష్టపడసాగినవి. పందొమ్మిదవ శతాబ్దమున అచ్చుయంత్రము వచ్చి, అచ్చు అక్షరములను పోతపోసిన పిదప రెండును వేరువేరుగా స్థిరపడినవి. ఉదయము నంది ఆలయమున శాసనపు రాతిని చూచిన పిల్లలకు ఈ మాట తేలికగా బోధపడును.

మధ్యాహ్నము మూడు గంటలకు బెంగుళూరు బస్సెక్కి దేవనహళ్ళిలో దిగవలెను. బస్సులు విస్తారముగా నుండుటచే మధ్యలో దిగి మరల ఎక్కుట కష్టము కాదు. ఇక్కడి కోటను 1501లో అవతి వంశీయుడైన మల్లభైరెగౌడుడు మట్టితో కట్టించెను. తరువాత హైదరలీ, టిప్పుసుల్తానుల కాలమున రాతికోటగా మారినది. 1749లో మైసూరు సైన్యము దీనిని ముట్టడించినప్పుడే హైదరలీ పరాక్రమము మొదటిసారి అందరి దృష్టిలో పడినది. 1750లో టిప్పు ఇచ్చటనే పుట్టెను. కొందరు 1751 అందురు. 1791లో కారన్‌వాలిసు సేనలు దేవనహళ్ళిని పట్టుకొనినవి. ఆ యేడు అక్టోబరుననే నందిదుర్గము గూడ వారి వశమైనది. ఉదయము మనము క్రిందినుండి చూచిన కొండయే అది.

కోటలోపల ఊరు యథాప్రకారము కాపురముచేయుచున్నది. ఇండ్లు, పాఠశాల, వేణుగోపాలస్వామి గుడి. కోటగోడపైన కొంతదూరము నడువవచ్చును. పిల్లల చేయి విడువరాదు, అంచున పిట్టగోడ అంతటను లేదు. టిప్పు జన్మస్థలమున పెద్ద భవనమేమియు లేదు. నాలుగు స్తంభముల నడుమ ఒక రాతిపలక మాత్రమే. ఇంత పేరుగల వాని పుట్టుచోటు ఇంత చిన్నదా యని పిల్లలు తప్పక అడుగుదురు. సంతోషించి, వారినే కారణము ఆలోచింపుమనవలెను. దేవనహళ్ళి పంపరపనసకు ప్రసిద్ధి; కన్నడమున చక్కోత యందురు. తోటలు ఇండ్లస్థలములైన కొలది కాయలు అరుదగుచున్నవి. వీధిలో కనబడినచో ఒకటి కొని, తొనలు నలుగురు పంచుకొనిన, బస్సు ప్రయాణపు దాహము తీరును.

ఖర్చు లెక్క చెప్పి ముగించెదము. తల్లి, తండ్రి, ఇద్దరు పిల్లలు గల కుటుంబమునకు పోవునప్పుడు రైలు, వచ్చునప్పుడు బస్సు, నడుమ ఆటో, హోటలులో సంగటి, పూలు, పంపరపనస అన్నియు కలిపి ఐదువందల రూపాయలలో ముగియును. నందినుండి ముద్దేనహళ్ళికి ఆటోయే ఇందు పెద్ద ఖర్చు. నాలుగు కుటుంబములు కూడినచో అదియు తగ్గును. వేసవి మధ్యాహ్నములు పిల్లలకు కష్టము. నవంబరు మొదలు ఫిబ్రవరి వరకు అనుకూలము.

ఒకసారి అలవాటుపడినవారు రెండవ యాత్రగా చింతామణి దారియందలి కైవారమునకు పోవచ్చును. గాజులమ్ముకొని జీవించి, తెలుగునను కన్నడమునను పదములు పాడిన నారాయణప్ప, అందరి నోట "కైవారము తాతయ్య", అచటివాడే. ఆయన అమరనారేయణ శతకము తెలుగున రచింపబడినది. మూడవదిగా హిందూపురపు రైలుబాటలో గౌరీబిదనూరునకు ఆవల విదురాశ్వత్థము గలదు. ఉత్తరపినాకిని ఒడ్డున, 1938 ఏప్రిల్ 25వ తేదీన, జాతీయపతాకము నెత్తుటకు కూడిన గ్రామస్థులపై పోలీసులు కాల్పులు జరిపిన చోటది. మృతుల స్మారకస్తంభము నచట చూడవచ్చును. ఈ రెండు ఊళ్లకును ఉదయము పోయి సాయంకాలమునకు తిరిగిరావచ్చును. రైలు వేళలు విచారించుటకు గాని, తోడుగా మరియొక కుటుంబమును కలుపుటకు గాని సాయము కావలసినవారు శనివారము మధ్యాహ్నము తెలుగు తరగతిగదిలో మమ్ము కలిసికొనవచ్చును.